ఎనిమిది వరుసల జాగా

రాష్ట్రం వచ్చిన ఏడాది చలికాలంలో, పుస్తకాల ప్రదర్శనలో ఒక పెద్దమనిషి నా పుస్తకం చేత్తో పట్టుకుని స్టాలాయనతో పేచీ పెట్టుకున్నాడు. ఎనభై ఏడో పేజీలో అచ్చు పడలేదట, వేరే కాపీ ఇమ్మన్నాడు. ఇచ్చారు. అందులోనూ పడలేదు. మూడోది తీశారు. అదీ అంతే. పేజీకి పైన అక్షరాలున్నాయి, కింద అక్షరాలున్నాయి, మధ్యలో ఎనిమిది వరుసల మేర తెల్లగా ఉంది. ఆ పుస్తకం రాసింది మీరేనా అని ఎవరైనా అడిగితే బాగుండునని పొద్దుటి నుంచి పక్క కుర్చీలో కూర్చుని తహతహలాడుతున్నవాణ్ని, ఆ కాసేపూ మాత్రం తల వంచుకుని చెప్పు పట్టీ సరిచేసుకున్నాను.

ఆ ఖాళీ వదిలింది నాచారంలో డీటీపీ సెంటరు నడిపిన ఒకామె. నా పుస్తకాన్ని కంప్యూటర్లో మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా కొట్టింది ఆమే. ఆ ఖాళీ కోసం మూడేళ్ల క్రితం ఆమెను ఫోన్లో నానా మాటలూ అన్నాను. ఆ తరవాత మళ్లీ ఆ కొట్టు గడప తొక్కలేదు. అలాంటిది, ఆ పెద్దమనిషి మూడు కాపీలూ తిరగేసి విసుక్కుంటుంటే నాకు కోపం రాకపోగా నవ్వొచ్చింది. ఈ ముచ్చట వెంటనే ఆమెకు చెప్పాలనిపించింది. మర్నాడు పొద్దున్నే ఉప్పల్ చౌరస్తాలో ఆటో ఎక్కాను. ఆమె పోయి అప్పటికి ఎనిమిది నెలలైందని నాకు తెలియదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. నాచారం, మల్లాపూర్ చుట్టుపక్కల వేలమంది పెళ్లికూతుళ్ల పేర్లు, పెళ్లికొడుకుల పేర్లు, వాళ్ల తాతల పేర్లు తప్పు లేకుండా కొట్టిన మనిషి, తన పేరు మాత్రం ఎక్కడా వేసుకోలేదు. కొట్టు బోర్డు మీద దేవుడి పేరుండేది. నేను "ఏమ్మా" అనేవాణ్ని. ఆమె "సార్" అనేది. మా మధ్య పేర్ల అవసరం ఎప్పుడూ పడలేదు.

నాది తెనాలి వైపు. జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి, రిటైరయ్యాక ఉప్పల్లో ఇల్లు కట్టుకున్నాను. తెలుగులో మామూలు మనిషి చదువుకునేట్టు స్థలం గురించి, కాలం గురించి ఒక పుస్తకం రాయాలని నాకు చాలాకాలంగా ఉండేది. గత శతాబ్దంలో ఫిజిక్స్ ఈ రెంటినీ తిరగేసి బోర్లేసింది. మన తెలుగువాళ్లకి ఆ సంగతి ఇంటర్మీడియట్ మార్కుల కోసం తప్ప ఎవరూ చెప్పలేదని నా బాధ. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ముప్పై ఏళ్లు చెప్పేవాడిగానే బతికిన నాకు ఆ లోకువ ఒంటికి పట్టేసింది. నా రాత చూసి సిటీలో ఇద్దరు డీటీపీ వాళ్లు దండం పెట్టారు. ఎవరో చెబితే నాచారం వెళ్లాను.

మెయిన్ రోడ్డు మీద ఒక్క షట్టరు కొట్టు. ముందు జిరాక్స్ మిషను, వెనక కంప్యూటరు, గోడ నిండా పెళ్లికార్డుల నమూనాలు. ఆమెకి ముప్పై అయిదేళ్లుంటాయి. జనగామ దిక్కు ఊరు. భర్తది నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలోనే ఏదో కంపెనీలో షిఫ్టుల పని. నేనిచ్చిన కాగితాల కట్ట చేతిలోకి తీసుకుని, మొదటి పేజీ మీద జాన పెట్టి కొలిచి, పెదాలు కదిపి, "గిది అచ్చుల ముప్పై రెండు వరుసలైతది సార్" అంది. నేను నమ్మలేదు. మూడో రోజు ప్రూఫు చేతికిస్తే లెక్కపెట్టాను. ముప్పై రెండే. ఆ తరవాత రెండేళ్లలో ఆమె లెక్క ఒక వరుస అటూ ఇటూ కావడం నేను రెండుసార్లకి మించి చూడలేదు. ఆ రెండుసార్లూ తప్పు నాదే, మధ్యలో ఏదో కొట్టేసి ఉంటాను.

ఆ మొదటి ప్రూఫులో నాలుగు చోట్ల తెల్లటి ఖాళీలున్నాయి. ఒక చోట ఒక మాట మేర, ఒక చోట మూడు వరుసల మేర. ఇవేంటని అడిగాను. రాత అందని చోట, విషయం అర్థం కాని చోట అలా వదులుతానంది. మిగతావాళ్లు ఏదో ఒకటి కొట్టేసి ప్రూఫులో దిద్దుకోమంటారు కదా అన్నాను. ఆమెకి అది నచ్చదు. "తప్పు కొట్టుడు కంటె జాగ ఇడుసుడు నయం సార్. తప్పు కొడితె ఎవ్వరికి తెల్వకుంట లోపట్నే ఉండిపోతది. జాగ ఇడిస్తె అందరికి కనవడతది" అంది.

రాత అర్థం కాకపోతే అది నా లోపం, ఒప్పుకుంటాను. విషయం అర్థం కాకపోతే నీకెందుకమ్మా, కొట్టుకుంటూ పోరాదా అని విసుక్కున్నాను. నాకు ముక్కు మీద కోపం. ఆమె నా మొహం వంక చూస్తూ కూర్చుంది. ఆ ఖాళీలు అలాగే ఉన్నాయి. చివరికి నేనే స్టూలు లాక్కుని కూర్చుని ఆ మూడు వరుసలూ విప్పి చెప్పాను. చెబుతుంటే తెలిసింది, ఆ మూడు వరుసలు నాకే సరిగ్గా అర్థం కాలేదని.

అప్పటి నుంచి మధ్యాహ్నాలు నాకు నాచారంలోనే గడిచాయి. ఆమె కొడుతున్నప్పుడు పెదాలతో చదువుకుంటూ కొట్టేది, వినీ వినపడకుండా. పక్కన టీ చల్లారిపోయేది. నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తూ ఆ సన్నటి గొణుగుడు వింటూ ఉండేవాణ్ని. గొణుగుడు ఆగిందంటే నా గుండె ఆగేది. వెంటనే ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకునేది. ఆ చేతులు ఒళ్లోకి వెళ్లాయంటే నా వాక్యం పని అయిపోయిందన్నమాటే. జీవితంలో ఇన్ని ఇన్‌స్పెక్షన్లు చూశాను, ఆ రెండు చేతులకి భయపడినట్టు ఏ ఇన్‌స్పెక్టరుకీ భయపడలేదు.

వెలుతురు గురించి రాసిన చోట ఒకసారి అలాగే ఆగింది. నడుస్తున్న బస్సులోంచి రాయి విసిరితే బస్సు వేగం కూడా రాయికి కలుస్తుంది. అదే బస్సు దీపంలోంచి వచ్చే వెలుతురుకి మాత్రం ఏమీ కలవదు, ఎవరు ఎలా కొలిచినా దాని వేగం ఒక్కటే. ఇదీ నేను రాసింది. కింద మరో అయిదు వరుసలు ఎందుకంటే, ఎలాగంటే అంటూ గంభీరంగా సాగదీశాను. ఎందుకు కలవదు సార్ అని అడిగింది. నేను తిప్పి తిప్పి చెప్పాను. ఆమె మళ్లీ అదే అడిగింది. చివరికి, లోకం అలా ఉందమ్మా, కొలిచి చూస్తే అలాగే తేలింది, ఎందుకో ఎవరికీ తెలియదు అన్నాను. "అట్లనే రాయున్రి మరి. తెలిసినట్టు రాసిన్రు గద" అంది. ఆ అయిదు వరుసలూ కొట్టేశాను. ఆ పుస్తకంలో చదివినవాళ్లు మెచ్చుకున్న చోటు అదే.

ముహూర్తాల ముచ్చట కూడా ఆమెదే. ఒకరికి ఒకేసారి జరిగినట్టు కనిపించే రెండు సంగతులు, వేగంగా పోయే మరొకరికి ఒకేసారి జరగవని చెప్పడానికి నేను అన్ని పుస్తకాల్లో ఉండే రైలుపెట్టె, దాని రెండు చివర్లా రెండు పిడుగులు రాసుకొచ్చాను. ఆమెకు ఎక్కలేదు. పిడుగులు ఎవరు చూసిన్రు సార్ అంది. ఆ రోజు ఆమె ముందు రెండు పెళ్లికార్డులున్నాయి, ఒకటి ఉప్పల్లో, ఒకటి చర్లపల్లిలో. రెంటికీ ఒకే ముహూర్తం, పది గంటల నలభై రెండు నిమిషాలు. అయితే ఈ రెండు తాళిబొట్లూ ఒక్కసారి పడవా అంది. నేను పేపరు పక్కన పడేశాను. నేల మీద ఉన్న మనకి ఒక్కసారే పడతాయి. ఉప్పల్ నుంచి చర్లపల్లి వైపు దాదాపు వెలుతురంత వేగంతో దూసుకుపోయేవాడొకడుంటే, వాడి లెక్కలో చర్లపల్లి తాళి ముందు పడుతుంది, ఉప్పల్ తాళి తరవాత పడుతుంది. వాడూ తప్పు కాదు, మనమూ తప్పు కాదు అని చెప్పాను. ఆమె కార్డు చేతిలోకి తీసుకుని, వాడు పిలుపుకు వస్తే కార్డు మీద ఏ టైము కొట్టాలె అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. పిడుగులు పోయాయి, పెళ్లిళ్లు పుస్తకంలోకి వచ్చాయి.

భూమికి దగ్గరున్న గడియారం నెమ్మదిగా, ఎత్తున ఉన్నది కాస్త త్వరగా నడుస్తుందని రాసిన రోజు ఆమె ఇంటికెళ్లి అత్తగారితో చెప్పిందట. వాళ్లు రెండో అంతస్తులో, అత్తగారు కింద గదిలో. మీరు మెల్లగ, నేను జల్ది ముసలిదాన్నైత అంటే, అత్తగారు గట్లనన్న నా తిప్పలు తెలుస్తయి అన్నదట. చెప్పేటప్పుడు చీర చెంగుతో కీబోర్డు తుడుస్తూ నవ్వింది. నవ్వినప్పుడల్లా ఆ కీబోర్డు తుడవడం ఆమె అలవాటు. అది తుడవక్కర్లేనంత శుభ్రంగా ఉండేది.

మధ్యలో బందులు వచ్చాయి. షట్టరు సగం దించి లోపల లైటేసుకుని పని చేసేది. రాష్ట్రం వస్తే మీరు పోతరా సార్ అని ఒకసారి అడిగింది. ఎక్కడికి పోతానమ్మా, ఉప్పల్లో ఇల్లు కట్టుకుంటిని అన్నాను. అయితే రాష్ట్రం పుస్తకం కాకముందు రావాలనా, అయినంక రావాలనా అని నన్ను ఆట పట్టించింది. బయట ఎవరెవరో ఎవరెవర్ని ఏమేమో అనుకుంటున్న రోజులవి. ఆ సగం షట్టరు కింద మేమిద్దరం వెలుతురు వేగం గురించి తగువులాడుకునేవాళ్లం. నేను ఆంధ్రా నుంచి వచ్చినవాణ్నని నాకు అక్కడ ఒక్కనాడూ గుర్తు రాలేదు.

ఇక ఆ ఎనిమిది వరుసలు.

పెళ్లి ముహూర్తాల అధ్యాయం చివర నేను ఒక పేరా రాశాను. "ఇప్పుడు" అనేది అందరికీ ఒక్కటి కానప్పుడు, జరిగిపోయింది ఇక లేదనీ, జరుగుతున్నదే ఉన్నదనీ గీత గీయడం ఎలా కుదురుతుంది? అని మొదలుపెట్టి ఇలా సాగింది: ఉప్పల్లో ఆటో ఎక్కి నాచారం దాటి మల్లాపూర్ చేరాం. అంతమాత్రాన నాచారం లేకుండా పోయిందని ఎవరూ అనరు. అక్కడ కొట్లు తెరిచే ఉంటాయి, మనుషులు తిరుగుతూనే ఉంటారు. మనం అక్కడ లేము, అంతే. గడిచిన రోజు కూడా అలాంటిదే. అది పోలేదు, మనమే దాన్ని దాటి వచ్చాం. దాని చోటు దానికి ఉంది.

రాసి నాకు నేనే మురిసిపోయాను. మర్నాడు మధ్యాహ్నం వెళితే కంప్యూటరు తెర మీద ఆ పేరా ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీ ఉంది. ఆమె చేతులు ఒళ్లో ఉన్నాయి. రాత అర్థం కాలేదా అన్నాను. అయింది అంది. విషయం? అదీ అయింది. మరి? అన్నాను చిరాగ్గా.

"గిది మీరు నిజంగ అంటున్రా సార్, లేకపోతె పుస్తకం మంచిగుండాలని రాసిన్రా?"

"నేననడం కాదమ్మా, ఫిజిక్స్ అంటోంది" అన్నాను. ఎంత దర్జాగా అన్నానో ఇప్పటికీ నా చెవిలో వినిపిస్తుంది.

అప్పుడు చెప్పింది. రెండేళ్లు రోజూ చూస్తున్న మనిషి, అంతవరకూ ఒక్క ముక్క చెప్పలేదు. ఆమెకో కూతురుండేది. నాలుగేళ్లు. నేను ఆ కొట్టుకు రావడానికి ముందే పోయింది, జ్వరంతో. జ్వరం రావడానికి వారం ముందు ఒక మధ్యాహ్నం, కరెంటు పోయి కొట్లో పని ఆగింది. పెళ్లికార్డులు కోయగా మిగిలిన రంగుల ముక్కలు ఏరుకుని ఆ పిల్ల గాజులు చేసుకుంది. రెండు తన చేతులకి, రెండు తల్లి చేతులకి. బంక అంటి చేతులు పాడవుతాయని తల్లి కసురుకుంది. పిల్ల ఏడవలేదట, ఆ కార్డుల కుప్ప మీదే పడుకుని నిద్రపోయింది. ఆ తరవాత ఆమె కూడా పక్కనే కూర్చుని, కరెంటు వచ్చేదాకా అట్టముక్కతో విసురుతూ ఉంది. అంతే ఆ రోజు. అందులో ఏమీ లేదు. మిగతా రోజులన్నీ కలిసిపోయాయి గానీ ఆ ఒక్క పూట మాత్రం విడిగా ఉండిపోయిందంది.

"అయితే ఆ పగటిపూట ఉన్నదా సార్?" అని అడిగింది.

ఉన్నట్టేనన్నాను. 

 బయట రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఆమె, నన్ను కాదు, తెర మీది తెలుపుని చూస్తూ అంది: "గట్లయితే దవాఖాన దినం గూడ ఉంటది గద."

ఆ పేరా రాసేటప్పుడు ఆ మాట నాకు తట్టనేలేదు. ఫిజిక్స్ చదువుకున్న వాణ్ని, ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని, మంచి రోజులే దాచుకుని పుస్తకం రాశాను. ఆమె ఒక్క మాటతో లెక్క పూర్తి చేసింది. నాకు ఏడుపొచ్చింది. జేబులో కళ్లజోడు వెతుక్కున్నాను. అది కళ్లకే ఉంది.

"ఉండని సార్" అని తనే అంది. "గది పోవాలంటె ఇది గూడ పోవాలె. రెండు ఉండని."

అని, చేతులు పైకి తీసి ఆ ఎనిమిది వరుసలూ ఒక్క బిగిన కొట్టింది. ఆ సారి పెదాలు కదపలేదు.

అచ్చుకి ముందు, నా ప్రూఫులు ఒక ప్రొఫెసర్ మిత్రుడికి చూడమని ఇచ్చాను. ఆయన అంతా బాగుందన్నాడు, ఈ పేరా దగ్గర మాత్రం ప్రశ్నార్థకం పెట్టాడు. ఇంటికెళ్లి అడిగితే, సమీకరణాల్లో "ఇప్పుడు" లేదన్నది నిజమే, దాని నుంచి గడిచిందంతా ఉన్నట్టేనని తేల్చేస్తే మాత్రం అది ఒక అభిప్రాయం, అవునన్నవాళ్లున్నారు, కాదన్నవాళ్లున్నారు, లోకం తేల్చుకోని దాన్ని నువ్వు తేలినట్టు రాశావు అన్నాడు. చివరికి ఒక మాటన్నాడు: "ఇది ఫిజిక్స్ కాదయ్యా, ఓదార్పు. ఫిజిక్స్ పేరు చెప్పి జనానికి ఓదార్పు పంచకు."

ఆయనన్నది నిజం. వెలుతురు గురించి ఆమె నాతో అన్నదీ అదే కదా, తెలిసినట్టు రాశారని. ఇంటికొచ్చి ఆ పేరా మీద ఎర్ర కలంతో అడ్డంగా గీత గీశాను. గీయడానికి ఒక్క నిమిషం పట్టలేదు. దాన్ని ఆమె చేతికివ్వాలంటే మాత్రం నా కాళ్లు రాలేదు. నువ్వు నమ్మిన మాట నేను వెనక్కి తీసుకుంటున్నానని ఆ మొహం ఎదురుగా ఎలా చెప్పను? ఒంటిగంటకి ఆమె అన్నానికి ఇంటికెళుతుందని నాకు తెలుసు. సరిగ్గా ఆ టైముకే వెళ్లి, ప్రూఫుల కవరు పక్క గాజుల కొట్టామెకి ఇచ్చి వచ్చేశాను. పైన చీటీ పెట్టాను: దిద్దుబాట్లు చేసి నేరుగా ప్రెస్సుకి పంపెయ్యమ్మా, నేను మళ్లీ చూడక్కర్లేదు. ముప్పై ఏళ్లు పిల్లలకి ధైర్యం చెప్పిన పంతులు చేసిన నిర్వాకం అది.

పుస్తకం వచ్చింది. ఎనభై ఏడో పేజీ తెరిచాను. పైన పెళ్లిళ్ల ముచ్చట, కింద తరవాతి అధ్యాయం గురించి రెండు వాక్యాలు, మధ్యలో తెల్లటి ఖాళీ. పేరా తీసేస్తే కింది వరుసలు పైకి జరపాలి. పెళ్లికార్డు కొట్టేవాడికైనా తెలుస్తుంది. అన్ని కాపీలూ బైండు కూడా అయిపోయాయి. నా ఒళ్లు మండిపోయింది. ఫోన్ చేసి అరిచాను. పుస్తకం పాడు చేశావన్నాను, నా పరువు తీశావన్నాను, ఇంతకంటే అనరాని మాటలు కూడా అన్నాను. తప్పు చేసినవాడికి నోరు పెద్దదవుతుందనడానికి నేనే సాక్ష్యం. ఆమె అడ్డు రాలేదు. నా ఊపిరి అయిపోయాక మెల్లగా చెప్పింది.

"మీరు కొట్టేసిన్రు సార్. లేదని ఏడ రాయలే. తెల్వనికాడ జాగ ఇడుసుడే గద మన పద్ధతి."

నేను ఫోన్ పెట్టేశాను. ఆ మాటకి అర్థం నాకప్పుడు ఎక్కలేదు. మొండితనం అనుకున్నాను. తర్వాతి పుస్తకం ఏఎస్ రావు నగర్‌లో ఇంకొకాయనకి ఇచ్చాను. ఆయన ఎక్కడా ఖాళీలు వదలడు, ఒక్క ప్రశ్న అడగడు. ఆ పుస్తకం నాకే చదవబుద్ధి కాదు. నాచారం మీదుగా వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా ఆటోలో రెండోవైపు కూర్చునేవాణ్ని, ఆ కొట్టు కనిపించకుండా. ఒకరోజు ఆటో సరిగ్గా దాని ముందే ఆగింది. లోపల లైటు వెలుగుతోంది. దిగితే పదడుగులు. దిగలేదు. మూడేళ్లలో మళ్లీ అంత దగ్గరగా రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే, ఆ పదడుగులే నాకు నిద్ర పట్టనివ్వవు.

ప్రదర్శన మర్నాడు వెళితే ఆ కొట్టు సెల్‌ఫోన్ల దుకాణమైంది. పక్క గాజుల కొట్టామె నన్ను గుర్తుపట్టింది. "ఆమె పాయె గద సార్, ఎండకాలంల" అంది. కడుపులో గడ్డ, తెలిసేసరికే ముదిరిందట. వెనక సందులో ఇల్లు చూపించింది.

కింద గది తాళం వేసి ఉంది. రెండో అంతస్తు మెట్లు ఎక్కాను. నా మోకాళ్లకి ఆ మెట్లు చాలా ఎక్కువ. భర్తకి ఆ రోజు రెండో షిఫ్టు, ఇంట్లోనే ఉన్నాడు. పలచటి మనిషి, మాట తక్కువ. నేనెవరో చెప్పగానే లేచి నిలబడి, రాన్రి సార్, మీ ముచ్చట మస్తు చెప్పేది అన్నాడు. తిట్టినవాడి ముచ్చట ఏం చెప్పేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఫోన్లో అరిచానని, అది తప్పని, చెప్పుకుందామనే వచ్చానని అన్నాను. అది ఆయనకి తెలియదు. ఆమె చెప్పలేదు.

లోపలికెళ్లి నా పుస్తకం తెచ్చాడు. దాని అట్ట ఇంకా మెరుస్తోంది, పేజీలు కొత్తగా ఉన్నాయి. చేతిలోకి తీసుకోగానే ఎనభై ఏడో పేజీ దగ్గర దానంతటదే తెరుచుకుంది. ఆ తెల్లటి జాగా తెల్లగా లేదు. వేళ్లు తగిలి తగిలి, అక్షరాలున్న చోటు కంటే అక్షరాలు లేని ఆ చోటే మాసి ఉంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"గీడ ఏం రాసి ఉండె సార్?" అని అడిగాడు. "గిది మా బిడ్డ జాగ అని ఆమె చెప్పేది. నాకు సదువు రాదు. ఏం రాసున్నదే అంటె, తెల్లగున్నది, ఏం లేదనేది."

చెప్పాను. పుస్తకంలో రాసినట్టు కాదు, ఆమెకైతే ఎలా చెప్పేవాణ్నో అలా. ఉప్పల్లో ఆటో ఎక్కడం, నాచారం దాటడం, దాటిపోయినా నాచారం అక్కడే ఉండడం, గడిచిన పూట కూడా దాని చోట అదుండడం.  ఆయన తల వంచుకుని విన్నాడు. కరెంటు పోయిన ఆ మధ్యాహ్నం సంగతి నేనెత్తలేదు. కాగితం గాజుల మాట ఆయనే ఎత్తాడు. ఆ రోజు తను షిఫ్టు నుంచి వచ్చేసరికి ఆమె చేతికి ఇంకా ఉన్నాయట.

"గిది నిజమేనా సార్?" అన్నాడు.

ఈ సారి ఫిజిక్స్ అంటోందని అనలేకపోయాను. "తెలియదయ్యా" అన్నాను. "ఉందని చెప్పలేం, లేదనీ చెప్పలేం. అందుకే నేను కొట్టేశాను. ఆమె జాగా వదిలింది. ఆమె చేసిందే సరి." ఈ మాట ఆమెతో అనడానికి నాకు మూడేళ్లు టైముంది.

ఆయన పుస్తకం నా చేతిలోంచి తీసుకున్నాడు. ఆ మాసిన చోట బొటనవేలు పెట్టి, పైనుంచి కిందికి మెల్లగా జరిపాడు, ఎంతుందో కొలుస్తున్నట్టు.

"మరి ఇప్పుడు ఇద్దరికి సరిపోతదా సార్ గీ జాగ?"

"సరిపోతుంది" అన్నాను. ఆ ఒక్క మాట ఏ ప్రొఫెసర్నీ అడక్కుండా అన్నాను.